కారెక్కితే చాలు చొంగ, వాంతులు: ఆరు నెలల కుక్కపిల్లతో విజయనగరం నుంచి టెక్కలి వెళ్ళేదెలా?

దాసన్నపేట సుధ

అందరికీ నమస్కారం. మా చిన్ని లాబ్రడార్ పిల్ల, ఆరో నెల నడుస్తోంది. ఇంట్లో మహా హుషారు. తిండికి లోటు లేదు, టీకాలన్నీ పూర్తయ్యాయి, నులిపురుగుల మందు కూడా వేయించాం. కారెక్కితేనే ఇబ్బంది. నాతవలస దగ్గర హైవే ఎక్కేసరికే చొంగ కారడం మొదలవుతుంది, పైడిభీమవరం దాటేలోపు వాంతి చేసుకుంటుంది. ఆ తర్వాత శ్రీకాకుళం వరకు తల వేలాడేసి పడుకుంటుంది, పిలిచినా పలకదు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

సంక్రాంతికి టెక్కలిలో మా అమ్మగారింటికి వెళ్ళాలి. పండగ రోజుల్లో దాన్ని ఎవరి దగ్గరా వదల్లేం. నిద్రమాత్ర వేసి తీసుకెళ్దామని మావారంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి పిల్లని సుఖంగా తీసుకెళ్ళినవాళ్ళుంటే చెప్పండి, పుణ్యముంటుంది.

కోట జంక్షన్ రమణ

పెద్దయ్యాక పోతుందమ్మా, కంగారు పడకండి. మా వీధిలో డాబర్‌మ్యాన్‌కి కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేది. ఈలోగా బయల్దేరే ముందు కాస్త పెరుగన్నం పెట్టండి, కడుపులో చల్లగా ఉంటుంది.

పూసపాటిరేగ మూర్తి

రమణగారూ, మీ మొదటి మాట నిజమే. పెరుగన్నం మాత్రం వద్దండీ. నిండు కడుపుతో కారెక్కిస్తే కక్కడానికి సరుకు ఇచ్చినట్టే. ఈడొచ్చిన కుక్కకైతే ప్రయాణానికి ఐదారు గంటల ముందే తిండి ఆపేయొచ్చు. చిన్ని వయసు పిల్లకి అంతసేపు మాడ్పించక్కర్లేదు, మూడు నాలుగు గంటలు చాలు. నీళ్ళు మాత్రం ఆపకూడదు, కొద్దికొద్దిగా తాగనివ్వాలి.

సుధగారూ, మందుల సంగతి తర్వాత. ముందు ఒకటి గమనించి చెప్పండి. కారు తలుపు తీసేసరికే వెనక్కి లాగుతుందా? తోక కాళ్ళ మధ్యకి పెట్టేసుకుంటుందా? ఇంజన్ ఆన్ చేయకముందే చొంగ వస్తుందా? లేక సంతోషంగా ఎక్కి కూర్చుని, కొంత దూరం పోయాకే మొదలవుతుందా? మొదటిదైతే భయం, రెండోదైతే చెవి. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. ఇది తేల్చుకోకుండా మందుల షాపుకి పరిగెత్తితే డబ్బులూ పోతాయి, కుక్క బాధా తీరదు.

దాసన్నపేట సుధ

మూర్తిగారూ, తనే దూకి ఎక్కుతుందండీ. తాళాల చప్పుడు వింటే చాలు గేటు దగ్గర నిలబడుతుంది. చింతలవలస వరకు కిటికీకి మూతి ఆనించి బయటికి చూస్తూనే ఉంటుంది. తర్వాత పెదాలు నాక్కోవడం మొదలు. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, గుటకలు మింగుతుంది. చెవులు వెనక్కి పోతాయి. అప్పుడు చొంగ, సీటు కవరంతా తడిసిపోతుంది. ఇంకాసేపటికి లేచి నిలబడి వీపు వంచి, పొట్ట లోపలికీ బయటికీ ఎగరేస్తుంది. ఇక ఆగదు.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. ఇంకా డాక్టర్‌ని కాను కాబట్టి, విషయం చెప్తాను గానీ చీటీ మాత్రం మీ డాక్టరే రాయాలి.

సుధగారు రాసింది చదివితే ఇది చెవి వల్లే అనిపిస్తోంది. లోపలి చెవిలో అర్ధవలయాకారపు నాళాలు మూడుంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడల్లా ఆ ద్రవం కదిలి, ఎటు తిరుగుతున్నామో మెదడుకి చెప్తుంది. కారులో పడుకున్న కుక్కకి కళ్ళ ముందు సీటూ డోరూ కదలకుండా కనిపిస్తాయి. చెవి మాత్రం ఊగుతున్నాం, మలుపు తిరుగుతున్నాం అంటుంది. కన్ను ఒకటి, చెవి ఒకటి చెప్తే మెదడులో వాంతి కేంద్రం మేలుకుంటుంది. కుక్కపిల్లల్లో ఈ చెవి వ్యవస్థ ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. అందుకే వాటికి ఎక్కువ. ఏడాది నిండేసరికి చాలావాటికి తగ్గిపోతుంది.

అయితే 'పెద్దయ్యాక పోతుందిలే' అని ఊరుకోవద్దు. ఈలోగా ప్రతి ప్రయాణంలోనూ కడుపు తిప్పితే, కారంటేనే బాధ అని దాని బుర్రలో పడిపోతుంది. రేపు చెవి కుదురుకున్నా భయం మిగిలిపోతుంది. చిన్ని ఇంకా ఇష్టంగానే ఎక్కుతోంది కదా, ఆ ఇష్టం పోకముందే వాంతులు ఆపాలి.

దీనికి కుక్కల కోసమే ఉన్న మందు మారోపిటాంట్. అమెరికాలో 2007లో దీనికి అనుమతి వచ్చింది. వాంతి కేంద్రంలో సబ్‌స్టెన్స్ పి అనే రసాయనం అంటుకునే చోటుని ఇది అడ్డుకుంటుంది. మత్తు మందు కాదు, పిల్ల మగతగా పడి ఉండదు. ప్రయాణానికి కనీసం 2 గంటల ముందు వేయాలి. ప్రయాణపు వాంతులకి 16 వారాలు దాటిన పిల్లలకే ఇస్తారు. వరుసగా 2 రోజులకి మించి ఇవ్వరు.

డోసు దగ్గర చాలామంది తడబడతారు. మామూలు వాంతులకి మాత్ర కిలో బరువుకి 2 మిల్లీగ్రాములు. ప్రయాణపు వాంతులకి కిలోకి 8. అంటే నాలుగు రెట్లు. ఎప్పుడో కడుపు పాడైనప్పుడు రాసిన చీటీ చూసి అదే మాత్ర వేసి, 'పనిచేయలేదు' అనుకుంటారు. అందుకే పిల్లని ఈ వారంలోనే తూకం వేయించి, 'కారు ప్రయాణం కోసం' అని డాక్టర్‌కి విడిగా చెప్పి రాయించుకోండి. గుండె జబ్బో, కాలేయం జబ్బో ఉన్న కుక్క అయితే అది కూడా ముందే చెప్పాలి.

ఆమదాలవలస కిరణ్

మా అమ్మ బస్సెక్కే ముందు వాంతి మాత్ర వేసుకుంటుంది. అదే అరముక్క వేస్తే సరిపోదా? అన్ని ఊళ్ళలో కుక్కల మందులు దొరకవు కదా.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

కిరణ్ అన్నా, వద్దు. మనుషుల మందుల్లో కొన్నిటిని పశువైద్యులు కుక్కలకి రాస్తారు, నిజమే. బరువు, వయసు, వేరే జబ్బులు చూసి రాస్తారు. మనంతట మనం ముక్క విరిచి వేసేది కాదు. వాంతులకి మనకి ఎక్కువగా రాసే ఆండన్‌సెట్రాన్ కూడా కారు కుదుపుకి పెద్దగా పనికిరాదు, అది వేరే దారిలో పనిచేస్తుంది. పైగా ఇంట్లో ఉన్న మాత్ర వేసే అలవాటు ఒకసారి పడితే, రేపు జ్వరమని పారాసిటమాల్, నొప్పని ఐబుప్రొఫెన్ కూడా వేస్తారు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది. మీ ఊళ్ళో మందు దొరక్కపోతే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ముందురోజే కొని ఉంచుకోండి.

దాసన్నపేట సుధ

నిద్రమాత్ర సంగతి కూడా చెప్పు బాబూ, మావారికి చూపిస్తాను.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

అమ్మా, ఎసిప్రొమజైన్ లాంటి మత్తు మందులు ఒళ్ళు కదలకుండా చేస్తాయి గానీ లోపలి భయం తగ్గించవు. బీపీ పడిపోతుంది. మత్తులో ఉన్న కుక్క ఒంటి వేడిని సరిగా కాచుకోలేదు. మగతలో పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. చిన్నికి అసలు అవసరమే లేదు. మరీ భయపడే కుక్కలకి వేరే మందులున్నాయి, అవి డాక్టర్ చూసి రాసేవి.

ఎస్.కోట డ్రైవర్ బాబు

నేను ఎస్.కోట నుంచి అరకు బండి తోలతానండీ. అనంతగిరి ఘాట్‌లో మనుషులే కవర్లు పట్టుకుని కూర్చుంటారు, ఇక కుక్కల సంగతి చెప్పేదేముంది. మందు సంగతి నాకు తెలీదు. బండి సంగతి చెప్తాను, సగం అక్కడే ఉంది.

కుక్కని డిక్కీలో వేయొద్దు. వెనక చక్రాలకి అవతల ఉంటుంది కాబట్టి ప్రతి మలుపుకీ, ప్రతి గుంతకీ ఊపు అక్కడే ఎక్కువ. వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టండి, ముఖం ముందుకి ఉండాలి. పక్క అద్దంలోంచి చూస్తే చెట్లూ స్తంభాలూ వెనక్కి పరిగెడుతుంటాయి, దానికి కళ్ళు తిరుగుతాయి. ముందు అద్దంలోంచి రోడ్డు కనపడితే నయం. బెల్టు మెడకి కట్టకండి, సడన్ బ్రేక్ పడితే మెడ పట్టేస్తుంది. ఛాతీకి వేసే హార్నెస్ వేసి, దాన్ని సీటు బెల్టుకి తగిలించాలి.

అద్దాలు రెండు పక్కలా రెండు వేళ్ళు పట్టేంత దించండి. గాలి ఆడుతుంది, లోపల బిగదీసినట్టు ఉండదు. తల బయట పెట్టనివ్వకూడదు, కంట్లో దుమ్ము పడుతుంది, లారీలు రాసుకుంటూ పోతాయి. బండిలో తగిలించే సెంటు సీసా ముందు తీసి పారేయండి. మనకి వాసన, దానికి నరకం. కూర్చునే చోట రబ్బరు మ్యాట్ వేసి, దాని మీద అది రోజూ పడుకునే దుప్పటి వేయండి. కాళ్ళు జారకుండా ఉంటే కుక్క సగం కుదుటపడుతుంది.

ఇక తోలడం. నిండు బిందె పక్కన పెట్టుకుని నీళ్ళు తొణక్కుండా తోలినట్టు తోలాలి. మలుపులోకి వెళ్ళాక బ్రేకు కొట్టకూడదు, ముందే గేరు తగ్గించుకుని నెమ్మదిగా తిప్పాలి. హైవే మీద ఓవర్‌టేక్ కోసం ఇటూ అటూ కోయకూడదు. గంటకోసారి ఆపి దింపండి. తలుపు తీసేముందే గొలుసు చేతికి చుట్టుకోవాలి. మా ఘాట్‌లో ఆపితే కోతులుంటాయి, కుక్క ఒక్క దూకు దూకిందంటే లోయ. మీకు కోతులు లేకపోయినా హైవే మీద లారీలున్నాయి.

టెక్కలి రైతు

మాది నాటు కుక్క. ఆటోలో నరసన్నపేట సంతకి నాతో వస్తుంది, ఎప్పుడూ ఏమీ లేదు. అల్లుడి కారెక్కిస్తే మాత్రం కక్కేస్తుంది. జాతి కుక్కలకే వస్తుందంటారు గానీ అది నిజం కాదు.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

సరిగ్గా చెప్పారు. చెవి అన్ని కుక్కలకీ ఒకటే. ఆటో రెండు పక్కలా తెరిచి ఉంటుంది, గాలి తగులుతుంది, దూరంగా ఉన్న పొలాలు కదలకుండా కనిపిస్తాయి, కాబట్టి కన్నూ చెవీ ఒకే మాట చెప్తాయి. కారులో అద్దాలు మూసి ఏసీ వేస్తే ఇవేవీ లేవు. అల్లుడుగారిని అద్దాలు దించి, నెమ్మదిగా వెళ్ళి చూడమనండి.

బలగ ప్రియ

ఇక్కడే నా సందేహం కూడా అడుగుతాను. మాది శ్రీకాకుళం, పగ్ కుక్క, పేరు బుజ్జి, వయసు మూడేళ్ళు. మూర్తిగారు చెప్పిన మొదటి రకం అన్నమాట. కారు కనిపిస్తేనే మంచం కిందకి దూరిపోతుంది. ఎత్తుకుని కూర్చోబెడితే ఒళ్ళంతా వణుకు, ఇంజన్ ఆన్ చేయకముందే చొంగ. కారులో ఎక్కించేది ఎప్పుడూ ఆస్పత్రికే, సూదికే. అల్లం పెడితే తగ్గుతుందని ఎవరో అన్నారు.

పూసపాటిరేగ మూర్తి

ప్రియమ్మా, అల్లం అన్నంలో చిటికెడు కలిపితే నష్టం లేదు గానీ, ఈ వణుకు అల్లంతో పోయేది కాదు. వాంతి మాత్రా భయాన్ని పోగొట్టదు. బుజ్జికి కారంటే సూది. దాని లెక్క ప్రకారం అది తప్పేమీ కాదు, ఇన్నాళ్ళూ జరిగింది అదే కదా. ఆ లెక్క మనం మార్చాలి. టైం పడుతుంది, టెన్షన్ పడొద్దు.

కొన్నాళ్ళు కారు కదలకూడదు. ఇంటి ముందు నీడలో పెట్టి నాలుగు తలుపులూ తీసి ఉంచండి. బుజ్జి అన్నం గిన్నె కారుకి పది అడుగుల దూరంలో పెట్టండి. తిందా, చాలు. మర్నాడు ఇంకాస్త దగ్గరికి. తినకుండా నిలబడిపోయిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, గిన్నె మళ్ళీ వెనక్కి జరపాలి. మెట్టు దగ్గర తినడం అలవాటయ్యాక లోపల సీటు మీద పెట్టండి. ఎత్తి లోపల పెట్టొద్దు, దానంతట అదే ఎక్కాలి. పగ్ కాళ్ళు పొట్టి కాబట్టి ఒక పీట వేయండి. లోపల తిని, దిగిపోతానంటే దిగనివ్వండి. తలుపు మూసి బంధించారంటే మళ్ళీ మొదటికొస్తుంది.

లోపల కూర్చుని నిదానంగా ఉన్న రోజున తలుపు మూయండి, తెరవండి. అది అలవాటయ్యాక ఇంజన్ ఆన్ చేసి, ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, ఆఫ్ చేసేయండి. అప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి. ఆ తర్వాత దానికి నచ్చే చోటికి, అంటే నాగావళి గట్టుకో, ఆడుకునే మైదానానికో. ఆస్పత్రికి వెళ్ళే దారి కొన్నాళ్ళు మర్చిపోండి. సూది టైం వచ్చిందంటే, వీలుంటే డాక్టర్‌నే ఇంటికి పిలవండి. ఈ మధ్యలో ఆస్పత్రి ప్రయాణం పడిందా, ఇన్నాళ్ళ కష్టం సగం పోతుంది.

చిరుతిండి మీద ఒక హెచ్చరిక. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం. పిల్లలు కారులో పక్కన కూర్చుని తలా ఒకటి పెట్టేస్తారు, వాళ్ళకి ముందే చెప్పండి.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

మూర్తిగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పగ్‌ది చప్పిడి ముక్కు, శ్వాసదారి ఇరుకు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి చల్లబడే దారి. భయంతో రొప్పుతూ, పైన ఎండ కూడా ఉంటే బుజ్జి లాంటివాటికి త్వరగా వడదెబ్బ తగులుతుంది. వేసవిలో తెల్లారకముందో, పొద్దు వాలాకో బయల్దేరండి. మామూలుగా కుక్క ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. అలాంటప్పుడు మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

దాసన్నపేట సుధ

పండగకి వెళ్ళొచ్చామండీ. అందరికీ రుణపడి ఉంటాను. డాక్టర్ తూకం వేసి మారోపిటాంట్ రాశారు. తెల్లవారుజామున పిడికెడు అన్నంలో మాత్ర పెట్టి ఇచ్చి, రెండు గంటలు గడిచాక బయల్దేరాం. డ్రైవర్ బాబుగారు చెప్పినట్టు మధ్య సీటు, హార్నెస్, కింద దాని దుప్పటి. సెంటు సీసా తీసేశాం. మావారు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా తోలారు. రణస్థలం దాటాక ఒకసారి, మడపాం టోల్‌గేటుకి ముందు ఒకసారి దింపి నడిపించాం.

వాంతి లేదు! చొంగ మాత్రం ఎచ్చెర్ల దగ్గర కాస్త వచ్చింది, పెదాలు నాక్కుంది. దింపి నడిపించాక మళ్ళీ రాలేదు. తిరుగు ప్రయాణంలో అదీ లేదు. అమ్మ దానికి అరిసె పెట్టబోతే బతిమాలి ఆపాను.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

చాలా సంతోషం అమ్మా. ఆ మందు వాంతిని బాగా ఆపుతుంది గానీ వికారాన్ని అంతగా ఆపదు, చొంగ అందుకే. వచ్చేసారి కూడా మాత్ర పిడికెడు అన్నంలోనే ఇవ్వండి. పూర్తి ఖాళీ కడుపుతో ఇస్తే కొన్ని పిల్లలు మాత్రనే కక్కేస్తాయి. కొవ్వున్న మాంసం ముక్కలో గట్టిగా చుట్టినా కరగడం ఆలస్యమవుతుంది. ఊరు చేరగానే గిన్నెడు అన్నం పెట్టకుండా, ముందు కాసిని నీళ్ళు, కాసేపాగి తిండి.

పూసపాటిరేగ మూర్తి

ఇది చదివేవాళ్ళందరికీ ఒక మాట. వేసవిలో అరసవల్లి వెళ్తారు, శ్రీకూర్మం వెళ్తారు. కుక్కని గుడిలోకి తీసుకెళ్ళలేం కాబట్టి కారులో ఉంచి 'పది నిమిషాల్లో వచ్చేస్తాం' అని వెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. బయట 21 డిగ్రీలే ఉన్నా, ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 32 దాకా, అరగంటలో 40 దాకా పోతుంది. మన ఏప్రిల్ ఎండ 21 కాదు కదా. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఒకరు దర్శనానికి వెళ్తే ఒకరు కుక్కతో చెట్టు నీడన ఉండండి. ఆ మనిషి లేకపోతే కుక్కని ఇంట్లోనే ఉంచండి.

కోట జంక్షన్ రమణ

బాగా చెప్పారు. నాదొక ప్రశ్న. కారు వల్ల వచ్చిన వాంతో, జబ్బు వల్ల వచ్చిందో ఎలా పోల్చుకోవాలి? మా తమ్ముడి కుక్క ఊరి నుంచి వచ్చి ఒక పూట గడిచినా కక్కుతూనే ఉంది.

గరివిడి వెటర్నరీ విద్యార్థి

రమణగారూ, కారు వాంతి అయితే దిగాక కాసేపట్లో కుక్క మామూలవుతుంది, తింటుంది. పూట గడిచినా ఆగలేదంటే కారు మీద నెట్టేయకండి. చిన్న పిల్ల అయితే, టీకాలు పూర్తి కాకపోతే, వాంతితో పాటు నెత్తురు విరేచనాలు ఉంటే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. దారిలో ధాబాల దగ్గర వేరే కుక్కలు తిరిగిన చోట దింపినా అంటుకుంటుంది, కాకపోతే బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. చిగుళ్ళు పాలిపోయి, జ్వరం ఉండి, ఒంటి మీద పిడుదులుంటే రక్త పరీక్ష చేయించాలి. తల ఒక పక్కకి వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే చెవి లోపల చీము పట్టిందేమో చూడాలి. ఏదైనా సరే ఈ రాత్రికి ఆగొద్దు, ఇప్పుడే తీసుకెళ్ళమనండి. పల్లెలో ఉంటే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి.

కోట జంక్షన్ రమణ

ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేశాను. పిడుదులు ఉన్నాయంట. బయల్దేరుతున్నారు.

బలగ ప్రియ

రమణగారూ, డాక్టర్ ఏమన్నారో తప్పకుండా రాయండి. మూర్తిగారూ, బుజ్జి ఈరోజు కారు మెట్టు మీద ముందు కాళ్ళు పెట్టి గిన్నెలో అన్నం మొత్తం తినేసింది. వణుకు లేదు. రేపు గిన్నె లోపల పెట్టనా, ఇంకో రెండు రోజులు మెట్టు దగ్గరే ఉంచనా?

పూసపాటిరేగ మూర్తి

మెట్టు దగ్గరే ఉంచండమ్మా. అదే లోపలికి తొంగి చూసిన రోజున జరుపుదురుగాని.